చల్లటి సముద్రంలో రొయ్యల స్టాక్ బాగుందో లేదో తేల్చడం ఎలా?

చెరువులో విసురు వల వేస్తాం, పడ్డవాటిని తూస్తాం, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలో) కడతాం. మరి సముద్రంలో రొయ్యల గుంపు, అంటే స్టాక్, ఎంత ఉందో, బాగుందో లేదో ఎలా చెబుతారు? భీమవరం వైపు సాగుదారులూ, ఫిషరీస్ డిగ్రీ చేసి కెనడాకో నార్వేకో పైచదువుకు వెళ్లే పిల్లలూ ఇదే అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది. అందుకే వరుసగా రాసి పెడుతున్నాను.

పద్ధతి మీకు తెలిసిందే: వల వేయాలి, తూయాలి, కొలవాలి, గుణించాలి. కాకపోతే ఈ చెరువుకు గట్లు లేవు. సీడ్ (రొయ్య పిల్లలు) ఎంత వేశారో పుస్తకంలో రాసి ఉండదు. చెక్ ట్రే (మేత పెట్టి చూసే పళ్లెం) చూసి అంచనా వేసే వీలూ లేదు. పైగా ఇందులో వచ్చే తప్పులు చాలావరకు లెక్కల్లో రావు, లెక్క మొదలుపెట్టకముందే వస్తాయి. అందుకే కింద ఎక్కువ చోటు వాటికే ఇచ్చాను.

ఉదాహరణకు తీసుకున్న రొయ్య పాండాలస్ బోరియాలిస్. నార్తర్న్ ష్రింప్ అనేది దీన్నే. ఉడికించకముందే ఎర్రగా ఉండే రొయ్య ఇది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రం ఒడ్డు నుంచి కెనడా న్యూఫౌండ్‌లాండ్, గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్ మీదుగా నార్వే, బారెంట్స్ సముద్రం దాకా ఉంటుంది.

ముందు ఈ మూడు సంగతులు

సిద్ధాంతం ఇంతే, ఇంతకు మించి చెప్పను.

ఒకటి: ఈ రొయ్య దాదాపు ఎప్పుడూ మగదిగానే మొదలవుతుంది. కొన్నేళ్లు మగగా బతికి, తర్వాత ఆడగా మారి, చివరిదాకా ఆడగానే ఉంటుంది. అంటే వలలో పడ్డ పెద్ద సైజు రొయ్యలన్నీ తల్లులే. మంచి ధర పలికేదీ అవే.

రెండు: మన చెరువుల్లో పెంచే వెనామీ, టైగర్ రొయ్యలు గుడ్లను నీళ్లలోకి వదిలేస్తాయి. ఇది అలా కాదు. గుడ్లను పొట్ట కింది ఈతకాళ్లకు అంటించుకుని నెలల తరబడి మోస్తుంది. పిల్లలు బయటికొచ్చే సమయానికి పైనీళ్లలో వసంతకాలపు ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు) విరగకాస్తూ ఉండాలి. నీటి వేడి మారితే గుడ్డు పొదిగే కాలం మారుతుంది, ఆ పొంతన చెడిపోతుంది.

మూడు: చేపకైతే చెవిరాయి మీద గీతలు లెక్కపెట్టి వయసు చెబుతాం. రొయ్య గుల్ల వదిలేస్తుంది కాబట్టి గీతలు మిగలవు. సైజును బట్టే వయసు ఊహించాలి.

కావలసినవి

- సర్వే నౌక వేసిన ప్రతి లాగుడు (ఒకసారి వల వేసి ఈడ్చడం) వివరం: ఎక్కడ, ఎంత లోతు, ఏ సమయం, ఎంతసేపు, ఎన్ని కిలోలు. రొయ్య పడని లాగుళ్లు కూడా.
- ప్రతి లాగుడు నుంచి శాంపిల్ రొయ్యలు. రెండు మూడు వందలుంటే హాయి.
- వెర్నియర్ కాలిపర్స్, మంచి భూతద్దం లేదా చిన్న మైక్రోస్కోప్, తక్కెడ.
- పడవల లాగ్‌బుక్కులు, రేవులో దింపిన సరుకు లెక్కలు.
- అడుగునీటి ఉష్ణోగ్రత, కనీసం పదేళ్లది.
- అదే సర్వేలో పడ్డ కాడ్, రెడ్‌ఫిష్, గ్రీన్‌లాండ్ హాలిబట్ లాంటి రొయ్యలు తినే చేపల లెక్క.
- ఎక్సెల్ సరిపోతుంది. ఆర్ (R అనే గణాంకాల సాఫ్ట్‌వేర్) వస్తే ఇంకా మంచిది.

సర్వే నౌక మీ చేతిలో ఉండదు కదా అని నిరుత్సాహపడకండి. కెనడా, అమెరికా, ఐరోపా సంస్థలు అంచనా నివేదికలు బయట పెడతాయి. ఆ అంకెలు తీసుకుని కింది మెట్లు తిరిగి చేసి చూడండి. నేర్చుకోవడానికి అంతకు మించిన దారి లేదు.

1. గట్టు ఎక్కడో గీయండి

మీరు లెక్కపెట్టే గుంపు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ముందు తేల్చుకోండి. గల్ఫ్ ఆఫ్ మెయిన్‌లోది, అంటే మెయిన్ ఒడ్డున ఉన్న సముద్రంలోది, విడి గుంపు. దక్షిణాన ఈ రొయ్య బతకగలిగే హద్దు అదే కాబట్టి వేడి దెబ్బ మొదట తగిలేది కూడా అక్కడే. కెనడాలోని లాబ్రడార్ ఒడ్డున సంగతి వేరు. లాబ్రడార్ ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతుంది. పైన పుట్టిన పిల్లలు కిందికి కొట్టుకొస్తాయి. కెనడా వాళ్లు అక్కడి నీళ్లను 4, 5, 6 అంటూ ష్రింప్ ఫిషింగ్ ఏరియాలుగా విడగొట్టారు గానీ ఆ గీతలు కాగితం మీదివి, రొయ్యలకు తెలియవు.

ఇక్కడ సాధారణంగా జరిగే తప్పు: పరిపాలన గీతనే గుంపు హద్దు అనుకోవడం. 6లో తల్లులు తగ్గినా పిల్లలు బాగానే కనిపిస్తే సంబరపడకండి. అవి పైనుంచి వచ్చినవి కావచ్చు. పక్క ఏరియా అంకెలు పక్కన పెట్టుకునే చదవండి.

2. సర్వే లాగుళ్లను ఏరండి

సర్వేకూ వేటకూ తేడా ఇది: వేటకు వెళ్లే పడవ రొయ్యలున్న చోటికి వెళ్తుంది, సర్వే నౌక లాటరీలో వచ్చిన చోటికి వెళ్తుంది. సముద్రాన్ని లోతును బట్టి పట్టీలుగా విడగొట్టి, ఒక్కో పట్టీలో ఎక్కడ వల వేయాలో చీటీ తీసినట్టు నిర్ణయిస్తారు. ప్రతి ఏడూ అదే కాలం, అదే వల, అదే వేగం. న్యూఫౌండ్‌లాండ్ శరదృతువు సర్వేలో 1995 నుంచి క్యాంపెలెన్ ట్రాల్ అనే అడుగున ఈడ్చే వల వాడుతున్నారు, ఒక్కో లాగుడు పావుగంట. గల్ఫ్ ఆఫ్ మెయిన్‌లో 1984 నుంచి వేసవిలో విడిగా రొయ్యల కోసమే సర్వే నడిపారు.

మీ పట్టిక తెరిచి ఈ మూడూ చూడండి.

రాత్రి లాగుళ్లు కలిశాయా? ఈ రొయ్యలు పగలు అడుగున ఉంటాయి, చీకటి పడితే మేతకు పైకి తేలతాయి. అడుగున ఈడ్చే వలకు రాత్రి తక్కువ పడతాయి. పగటివాటినే ఉంచండి.

వల చిరిగినవి, బోర్లాపడినవి, అడుగు తాకనివి ఉన్నాయా? తీసేయండి, ఎన్ని తీశారో రాసిపెట్టండి.

సున్నా లాగుళ్లు ఉన్నాయా? ఇవి తీయకూడదు! నేను మొదటిసారి ఈ లెక్క కట్టినప్పుడు ‘రొయ్యే పడలేదు కదా, ఎందుకు’ అని సున్నాలన్నీ తుడిచేశాను. స్టాక్ ఒక్కసారిగా పెరిగిపోయింది. వల వేసినా రొయ్య పడలేదంటే అది లోపం కాదు, సమాచారం.

3. కిలోలను టన్నులుగా మార్చండి

వల ఈడ్చిన నేల వైశాల్యం కట్టాలి. కింది అంకెలు చేయి తిరగడానికి నేను వేసుకున్నవి, ఏ సముద్రానివీ కావు.

నౌక వేగం 3 నాట్లు (ఒక నాట్ అంటే గంటకు 1852 మీటర్లు), లాగుడు 15 నిమిషాలు. 3 × 1852 × 0.25 = 1389 మీటర్లు. వల నోరు 16 మీటర్లు విప్పారింది. 1389 × 16 = 22,224 చదరపు మీటర్లు, అంటే 0.0222 చదరపు కిలోమీటరు. ఆ లాగుడులో 40 కిలోలు పడ్డాయి. 40 ÷ 0.0222 చేస్తే చదరపు కిలోమీటరుకు సుమారు 1800 కిలోలు, 1.8 టన్నులు.

ఇప్పుడు పట్టీల వారీగా:

- మొదటి పట్టీ: 2000 చ.కి.మీ., 10 లాగుళ్లు, సగటు 1.8 టన్నులు. మొత్తం 3600.
- రెండో పట్టీ: 5000 చ.కి.మీ., 6 లాగుళ్లు, సగటు 0.4. మొత్తం 2000.
- మూడో పట్టీ: 3000 చ.కి.మీ., 4 లాగుళ్లు, సగటు 0.05. మొత్తం 150.

కలిపితే 5750 టన్నులు.

చాలామంది ఇక్కడే బోర్లా పడతారు. పట్టీలు వదిలేసి ఇరవై లాగుళ్లకూ ఒకే సగటు తీస్తారు. అది 1.03 వస్తుంది. మొత్తం వైశాల్యం 10,000తో గుణిస్తే 10,300 టన్నులు. ఉన్నదానికి దాదాపు రెట్టింపు! రొయ్యలు ఎక్కువున్న పట్టీలో లాగుళ్లు ఎక్కువ వేశారు కాబట్టి సగటు అటు మొగ్గింది. ఎవరైనా కోటా ఈ అంకె మీద ఇచ్చారంటే సగం స్టాక్ గాల్లోంచి పట్టమన్నట్టే.

సరిచూడటం ఇలా: అన్నిటికన్నా ఎక్కువ పడ్డ ఒక్క లాగుడును తీసి లెక్క మళ్లీ కట్టండి. మొత్తం పదో వంతు మారితే పర్వాలేదు. మూడో వంతు కూలిపోతే ఆ ఏడాది అంచనా ఒక్క వల మీద నిలబడి ఉందని అర్థం. అంకె పక్కన ఆ మాట రాయాల్సిందే. ఆర్ వచ్చినవాళ్లు పట్టీల లోపల బూట్‌స్ట్రాప్ (ఉన్న లాగుళ్లలోంచే మళ్లీ మళ్లీ చీటీ తీసి లెక్క కట్టడం) చేసి హెచ్చుతగ్గుల హద్దులు చూపించండి.

ఇంకో మాట. వల దారిలో ఉన్న ప్రతి రొయ్యనూ పట్టదు. కొన్ని పైనుంచి, కొన్ని కన్నుల్లోంచి పోతాయి. కాబట్టి 5750 అనేది ‘సముద్రంలో ఉన్నవి’ కాదు, సూచిక. నిరుటితో, అటు నిరుటితో పోల్చడానికే పనికొస్తుంది.

4. రొయ్యను సరిగ్గా కొలవండి

తోకతో సహా నిలువు పొడవు కొలవకండి. తల ముల్లు విరిగి ఉంటుంది, తోక వంగి ఉంటుంది. కంటి గుంట వెనక అంచు నుంచి తల డిప్ప వెనక అంచు నడిమధ్య దాకా కొలవాలి. దాన్నే కారపేస్ పొడవు అంటారు. ఒక మనిషి కొలిచిన యాభై రొయ్యలను చెప్పకుండా ఇంకొకరికి ఇచ్చి మళ్లీ కొలిపించండి. ఇద్దరి మధ్య అర మిల్లీమీటరు కన్నా ఎక్కువ తేడా వరుసగా వస్తోందంటే ఒకరు కాలిపర్ తప్పు చోట పెడుతున్నారు. గుల్ల వదిలిన మెత్త రొయ్యను గట్టిగా నొక్కితే పొడవు తగ్గుతుంది, అటువంటివాటికి పక్కన గుర్తు పెట్టండి.

తర్వాత లింగం. మొదటి జత ఈతకాలు తిప్పి, దాని లోపలి రెమ్మను భూతద్దం కింద చూడండి. మగదానిలో కొస చీలినట్టు వెడల్పుగా ఉంటుంది. ఆడదానిలో సన్నగా కొనదేరి ఉంటుంది. మధ్యస్తంగా ఉంటే మారుతున్నదని అర్థం, దానికి విడి గడి పెట్టండి. అనుమానం వచ్చినవాటిని ఏదో ఒక వైపు తోసేయడం పెద్ద తప్పు. ఎందుకంటే మారే దశలో ఎన్ని ఉన్నాయో తెలిస్తేనే రేపటి తల్లుల సంఖ్య తెలుస్తుంది.

ఆడదయితే పొట్ట కింద పలకల మధ్య ముళ్లు ఉన్నాయేమో వేలితో తడమండి. ముళ్లుంటే ఇంకా గుడ్లు పెట్టని కొత్త తల్లి. గుడ్లు పెట్టాక గుల్ల మార్చుకున్నదానికి ఆ ముళ్లు ఉండవు. ఈ ఒక్క పరీక్షతో ఎంత సంగతి బయటపడుతుందో! పాత తల్లులు ఏటా తగ్గిపోతుంటే పెద్దవి బతకడం లేదన్నమాట.

గుడ్లున్నాయా, తల డిప్పలోంచి పచ్చగా గుడ్ల సంచి కనిపిస్తోందా అన్నదీ రాయండి.

5. శాంపిల్‌ను పెంచి చూపండి

ఒక లాగుడులో 400 కిలోలు పడితే రెండు కిలోలు కొలిచారు, ఇంకోదానిలో 4 కిలోలు పడితే అందులోనూ రెండు కిలోలే కొలిచారు. రెండిటి కొలతలూ ఒకే బుట్టలో పోస్తే పొరపాటు. మొదటి శాంపిల్‌ను 200తో, రెండోదాన్ని 2తో గుణించాలి. ఆ తర్వాత పట్టీ వైశాల్యాన్ని బట్టి బరువు ఇవ్వాలి.

సరిచూడటం తేలిక: పెంచిన సంఖ్యలను పొడవు-బరువు సూత్రంతో మళ్లీ కిలోలుగా మార్చండి. మూడో మెట్టులో వచ్చిన టన్నులకు దగ్గరగా రావాలి. రాకపోతే ఎక్కడో గుణకం తప్పింది. తల డిప్ప 25 మి.మీ. ఉన్న రొయ్య పది గ్రాములకు అటూఇటూ తూగుతుంది. మీ సూత్రం దానికి ముప్పై గ్రాములు చెబితే సూత్రం తప్పో యూనిట్ తప్పో చూసుకోండి.

6. దిబ్బలను చదవండి

పొడవు అడ్డంగా, సంఖ్య నిలువుగా గ్రాఫ్ గీస్తే దిబ్బలు దిబ్బలుగా కనిపిస్తుంది. ఒక్కో దిబ్బ ఒక్కో ఏటి సంతానం. గల్ఫ్ ఆఫ్ మెయిన్ వేసవి సర్వేలో ఏడాదిన్నర వయసు పిల్లలు 15 మి.మీ. చుట్టుపక్కల కూర్చుంటాయి. కుడివైపు చివరన తల్లుల దిబ్బలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి.

ఎన్ని దిబ్బలున్నాయో సాఫ్ట్‌వేర్‌ను అడిగితే అది అడిగినన్ని చూపిస్తుంది. అది మొహమాటం కొద్దీ కాదనలేని చుట్టం లాంటిది. మీ చేతిలో ఉన్న పరీక్ష ఒక్కటే: ఈ ఏడు గుర్తించిన దిబ్బ వచ్చే ఏడు కుడికి జరిగి, కాస్త చిన్నదై కనిపించాలి. కనిపించకపోతే రెండే కారణాలు. అది దిబ్బే కాదు. లేదా దిబ్బే గానీ చచ్చిపోయింది. మొదటిదాన్ని తోసిపుచ్చే దాకా రెండోది ప్రకటించకండి.

మగ నుంచి ఆడగా మారే సైజు కూడా ఏటా గుర్తించండి. సగం రొయ్యలు ఆడగా మారిన పొడవు ఎంతో చూస్తే సరిపోతుంది. అది దిగిపోతుంటే చిన్న వయసులోనే తల్లులవుతున్నాయని కావచ్చు, ఎదుగుదల తగ్గిందని కావచ్చు. చిన్న తల్లికి గుడ్లు తక్కువ. తల్లుల బరువు నిలకడగా ఉన్నా గుడ్లు తగ్గి ఉండవచ్చు.

7. నాలుగు అంకెలు తీయండి

తల్లుల బరువు, కొత్త పిల్లల సంఖ్య, పట్టదగ్గ సైజు బరువు, పట్టుబడి శాతం. నాలుగూ చూడాలి గానీ, నన్నడిగితే మొదటి రెండిటికే ఎక్కువ విలువిస్తాను. ‘తల్లులున్నాయా, పిల్లలున్నాయా’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పకుండా టన్నులు చెప్పే నివేదికను నేను నమ్మను.

‘పట్టదగ్గ సైజు’ దగ్గర జాగ్రత్త. గల్ఫ్ ఆఫ్ మెయిన్‌లో 22 మి.మీ. దాటినవి, న్యూఫౌండ్‌లాండ్ వైపు 17 మి.మీ. దాటినవి. రెండు నివేదికల అంకెలు పక్కపక్కన పెట్టి ‘అక్కడ ఇక్కడికన్నా మెరుగు’ అనే వ్యాసాలు చూస్తుంటాను. రెండు కొలకర్రలు వేరు.

పట్టుబడి శాతం అంటే ఏడాదిలో దింపిన టన్నులను అంతకుముందు సర్వేలోని పట్టదగ్గ బరువుతో భాగించడం. పట్టదగ్గది 5000, దింపినవి 600 అయితే 12 శాతం. సర్వే వల అన్నీ పట్టదని ముందే అనుకున్నాం కాబట్టి ఇదీ సూచికే.

8. హద్దు గీతలు గీయండి

ఇప్పుడున్నది తక్కువా ఎక్కువా అనడానికి కొలబద్ద కావాలి. న్యూఫౌండ్‌లాండ్, లాబ్రడార్ ఏరియాల్లో ఏళ్ల తరబడి వాడిన పద్ధతి ఇది: స్టాక్ బాగా ఉన్న కొన్నేళ్లు ఎంచుకుని, ఆ ఏళ్ల తల్లుల బరువుకు గుణ సగటు తీయాలి. దానిలో 30 శాతం కింది గీత, 80 శాతం పై గీత. కింది గీత దిగితే ప్రమాదం, రెండిటి మధ్య ఉంటే జాగ్రత్త, పైన ఉంటే ఆరోగ్యం.

చేసి చూద్దాం. ఐదేళ్ల సూచికలు 100, 120, 150, 90, 130. ఐదిటినీ గుణించి ఐదో మూలం తీస్తే 116. కింది గీత 35, పై గీత 93. ఈ ఏడు 50 వచ్చిందా? జాగ్రత్త మండలం. మామూలు సగటు 118 వస్తుంది, ఇక్కడ తేడా చిన్నదే. కానీ ఒక ఏడు 600 పడితే మామూలు సగటు ఆకాశానికి లేస్తుంది, గుణ సగటు అంతగా లొంగదు.

ఇందులో అసలు వివాదం లెక్కలో లేదు, ఆ ‘బాగా ఉన్న ఏళ్లు’ ఎవరు ఎంచుకున్నారన్నదాంట్లో ఉంది. 6వ ఏరియాకు ఎంచుకున్నవి 1996 నుంచి 2003. అవి ఎలాంటి ఏళ్లు? కాడ్ చేప కుప్పకూలి 1992లో దాని వేట ఆపేసిన తర్వాతివి. నీళ్లు చల్లగా ఉన్నాయి, తినే చేప లేదు, రొయ్యలు విరగబడ్డాయి. ఆ పండగ రోజులను మామూలు రోజులుగా తీసుకోవచ్చా అని పడవల వాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అలాగని గీత దించేస్తే, స్టాక్ పడిపోయిన ప్రతిసారీ ‘ఇదే కొత్త మామూలు’ అని దించుకుంటూ పోవచ్చు. నా సలహా: గీత మార్చకముందు రెండు గీతలతోనూ లెక్క కట్టి చూపండి. ఎంత పట్టవచ్చన్న సలహా మారకపోతే గొడవే లేదు. మారితే ఏ ఏళ్ల వల్ల మారిందో పేరుపెట్టి చెప్పండి.

ప్రత్యామ్నాయం: సర్వే, వేట లెక్కలు దీర్ఘకాలం ఉంటే మిగులు ఉత్పత్తి నమూనా (గుంపు ఏటా ఎంత పెరుగుతుందో, వేటకు ఎంత మిగులుతుందో చెప్పే లెక్క) కట్టవచ్చు. పశ్చిమ గ్రీన్‌లాండ్, బారెంట్స్ సముద్రం అంచనాలు చాలాకాలం ఆ దారిలోనే సాగాయి. తేలిక రూపంలో, సముద్రం మోయగల గరిష్ఠ బరువులో సగం దగ్గర గుంపు అత్యధికంగా పెరుగుతుంది. ఆ సగంలో 30 శాతాన్ని ప్రమాద గీతగా పెట్టుకుంటారు. గ్రీన్‌లాండ్ వాళ్లు కాడ్ తినే వాటాను కూడా నమూనాలో కలిపారు. ఈ నమూనా కట్టడానికి ఆర్‌లో స్పిక్ట్ అనే ప్యాకేజీ ఉంది. కానీ మీ స్టాక్ ఇన్నేళ్లూ ఒకే దిక్కున పడిపోతూ ఉంటే, ఒక్కసారీ కోలుకోకపోతే, ఈ నమూనా ఏ జవాబైనా ఇస్తుంది. అప్పుడు దాన్ని పక్కన పెట్టండి.

9. పడవల మాట వినండి, కానీ లెక్కలోకి తిన్నగా తీసుకోకండి

‘మాకు గంటకు నిరుటిలాగే పడుతున్నాయి, మీ సర్వే తప్పు’ అంటారు. వాళ్లు అబద్ధం చెప్పరు. వేసవిలో చెరువు ఎండుతుంటే చేపలన్నీ మడుగులో చేరినట్టు, రొయ్యలు తగ్గే కొద్దీ మిగిలినవి చల్లటి గుంటల్లో గుమిగూడతాయి. పడవలు ఆ గుంటలకే వెళ్తాయి. గంటకు పడే కిలోలు చివరి దాకా బాగానే ఉంటాయి. మెయిన్ ఒడ్డున ఇంకో సంగతి: చలికాలం చివర్లో గుడ్లున్న తల్లులు ఒడ్డుకు దగ్గరగా వస్తాయి. అక్కడ వేసిన వల నిండుతుంది, నిండేది తల్లులతో.

కాబట్టి లాగ్‌బుక్కుల్లో కిలోలకన్నా ముందు పటం చూడండి. నిరుడు ఎన్ని గడుల్లో వేట జరిగింది, ఈ ఏడు ఎన్నిటిలో? గడులు సగమై గంట లెక్క అంతే ఉంటే అది శుభవార్త కాదు.

10. కారణం వెతకండి

వేట వల్ల తగ్గిందా, నీళ్ల వల్లా, తినేవాటి వల్లా? దీనికి జవాబు లేకపోతే సలహా ఇవ్వలేరు. గల్ఫ్ ఆఫ్ మెయిన్ కథ ఇక్కడ పాఠం. 1969లో సుమారు 12,800 టన్నులు దింపిన ఆ వేట పడిపోయి, 1978లో మూసేశారు. నీళ్లు చల్లగానే ఉన్నాయి, స్టాక్ కోలుకుంది, పడవలు మళ్లీ వెళ్లాయి. 2012లో ఆ సముద్రం అసాధారణంగా వేడెక్కింది. దక్షిణం నుంచి స్క్విడ్‌లు పెద్ద ఎత్తున వచ్చి రొయ్యలను తిన్నాయని తర్వాతి పరిశోధన వేలు చూపింది. 2014 సీజన్ నుంచి వేట మూసేశారు. ఈసారి కోలుకోలేదు. 2025 చలికాలంలో కొన్ని పడవలతో నమూనా వేట వేయించి చూస్తే, మొత్తం కార్యక్రమంలో దొరికింది 70 రొయ్యలు. కిలోలు కావు, రొయ్యలే.

మూసేయడం ఒకటే, ఫలితాలు రెండు. అందుకే తల్లుల సూచిక పక్కన అడుగునీటి ఉష్ణోగ్రతా, తినే చేపల సూచికా ఒకే కాగితం మీద గీయండి. తప్పు చేసేది ఎక్కడంటే, రెండు గీతలు కలిసి నడిచాయని కారణం దొరికిందనుకోవడం. తల్లుల సూచికను, అవి తల్లులైన ఏటి ఉష్ణోగ్రతతో కాదు, పుట్టిన ఏటి ఉష్ణోగ్రతతోనే జత చేయండి. మధ్యలోని ఆ కొన్నేళ్ల జరుగుబాటు మర్చిపోయి చేసిన గ్రాఫులు ఎన్ని చూశానో.

11. వెనక్కి వెళ్లి పరీక్షించండి, తర్వాత సలహా రాయండి

చివరి ఏడాది డేటా తీసేసి మొత్తం మళ్లీ నడపండి. తర్వాత రెండేళ్లు, మూడేళ్లు తీసి. ప్రతిసారీ కొత్త డేటా చేరగానే పాత అంచనా కిందికి దిగుతోందా? అయితే మీ పద్ధతి ఎప్పుడూ ఆశగానే చెబుతోంది. సలహాలో ఆ మేరకు తగ్గించుకోండి.

సలహా ఒక పేజీ దాటకూడదు. తల్లులు, పిల్లలు, పట్టుబడి శాతం, ఉష్ణోగ్రత, తినేవి: ఒక్కోదానికి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. గల్ఫ్ ఆఫ్ మెయిన్ అంచనాల్లో ఈ సిగ్నల్ దీపాల పద్ధతే వాడారు. కానీ రంగులను కూడి సగటు తీయకండి. మూడు ఆకుపచ్చలు, రెండు ఎరుపులు వస్తే ‘మొత్తానికి పసుపు’ కాదు. ఆ రెండు ఎరుపులూ తల్లులు, పిల్లలు అయితే మిగతా మూడూ ఎంత పచ్చగా ఉన్నా వేట తగ్గించమనే రాయాలి.

మళ్లీ మళ్లీ అడిగే రెండు ప్రశ్నలు

*ఒక ఏడు సర్వే జరగకపోతే?* 2020లో కోవిడ్ వల్ల గల్ఫ్ ఆఫ్ మెయిన్ వేసవి సర్వే అలాగే ఆగింది. ముందూ వెనకా ఏళ్ల సగటుతో ఆ గడి నింపకండి. ఖాళీగా వదలండి, గ్రాఫులో గీతను అక్కడ తెంపండి. తర్వాతి ఏడు దిబ్బలు చూస్తే పోయిన ఏటి పిల్లల సంగతి కొంత తెలుస్తుంది. నౌక మారితే మాత్రం పాతదీ కొత్తదీ పక్కపక్కన ఒకే చోట వల లాగి, గుణకం కట్టాలి. అది చేయకుండా రెండు వరుసలు అతికిస్తే పెరుగుదల రొయ్యలదో నౌకదో ఎవరూ చెప్పలేరు.

*ఇదంతా మన బంగాళాఖాతం రొయ్యలకు పనికొస్తుందా?* రెండు, మూడు, ఐదు, తొమ్మిది మెట్లు యథాతథంగా వాడుకోండి. నాలుగూ ఆరూ మార్చుకోవాలి. మన పీనియస్ జాతుల్లో (టైగర్ లాంటివి) మగ, ఆడ పుట్టుకతోనే వేరు. ఆయుష్షు తక్కువ, ఎదుగుదల వేగం. ఏడాదికి ఒక్క సర్వేతో వాటి దిబ్బలు అందవు, కనీసం నెలనెలా రేవులో కొలవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తూర్పు తీరంలో వేట నిషేధం ఉంటుంది కాబట్టి ఆ రెండు నెలలు రేవులో కొలవడానికి ట్రాలర్ సరుకు దొరకదు. మొదటి శాంపిల్ జూన్ 15 తర్వాత తిరిగొచ్చిన పడవల్లోదే అవుతుంది. దాన్ని ఏప్రిల్ శాంపిల్‌తో పోల్చేటప్పుడు మధ్యలో రెండు నెలల ఎదుగుదల ఉందని గుర్తుపెట్టుకోండి.